ఆసుపత్రి ముంగట దుకాణం బోర్డు: అంగి, లాగు అని రాయాల్నా? చొక్కా, నిక్కరు అని రాయాల్నా?

బోర్డు ఆర్టిస్టు, హన్మకొండ:
ప్రసూతి ఆసుపత్రి ముంగట కొత్త దుకాణం. ఒక పక్క సంటిపిల్లల బట్టలు, ఇంకో పక్క ఫ్రిజ్‌ల కూల్‌డ్రింకులు. బోర్డు, ధరల పట్టీ రెండూ తెలుగులనే కావాలన్నరు. ఇద్దరు భాగస్తుల నడుమ లొల్లి. ఒకాయన అంగి, లాగు, కుల్ల, సల్ల అని రాయిమంటడు. రెండో ఆయన చొక్కా, నిక్కరు, టోపీ, మజ్జిగ అంటడు. కొనేటోళ్లు ఎక్కువ ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి వస్తరు. కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల ఉండే కోస్తా వాళ్లు కూడ వస్తరు. ఏది రాస్తే తప్పు సామాను చేతిల పడుడు తక్కువైతదో చెప్పుండ్రి. ఎవల భాష గొప్పదన్న పంచాయితి ఇక్కడ వద్దు.

గుండీ కాజా, బట్టలబజార్:
అంగి, లాగు అనే రాయాలె అన్నా, అనుమానమే లేదు. పది మందిల తొమ్మిది మంది అదే అడుగుతరు. కాని ఒక మెలిక ఉన్నది. అంగి అంటే ఇక్కడ పైన తొడిగేది ఏదైనా అంగే. నెల పిల్లకు అంగి అడిగితే ఇయ్యాల్సింది జబ్లా. ముంగట తెరుసుకొని ముడులు ఏసేది, గుండీలు ఉండయి. ఏడాది పిల్లగానికి అంగి అడిగితే గల్ల (కాలరు), గుండీలు ఉన్నది ఇయ్యాలె. అంగి లాగు రెండూ కలిపి అడిగితే అది హోల్‌సేల్ బిల్లుల ‘బాబాసూట్’ అని ఉంటది. కొత్తగ చేరిన సేల్స్ పోరగాడు బిల్లుల మాట సూసుకుంట వెతుకుతడు, కొనే అవ్వ అంగి అంటది, ఇద్దరు మొఖాలు సూసుకుంటరు. లాగుకు నాడ ఉన్నదా, ఎలాస్టిక్ ఉన్నదా అన్నది కూడ అడగాలె. బొడ్డు ఊడని పిల్లకు ఎలాస్టిక్ ఒరుసుకుంటది.

గోదారి గట్టు:
అయ్యా, లాగు మీ సొంతమని ఎవరు చెప్పారు? మా రామచంద్రపురం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ‘లాగూ చొక్కా’ అనే అంటారు. తెలంగాణ మాట, ఆంధ్ర మాట అని రెండు వరసలు గీసే ముందు అది చూసుకోండి. మాకు నిజంగా అర్థం కానివి వేరే ఉన్నాయి. నాడ మాకు బొందు. కీస అంటే జేబు అని చెబితే గానీ తెలీదు. గల్లా అంటే మాకు డబ్బుల పెట్టె. ‘గల్ల పెద్దగా ఉన్నది సూడు’ అంటే మా మనిషి కౌంటర్ వైపు చూస్తాడు. బోర్డు మీద మొలతాడు అని ఉంటే మేం కొంటాం, మొల్దారం అని ఉంటే పక్క దుకాణానికి పోతాం.

గుండీ కాజా, బట్టలబజార్:
మొల్దారం అర్థం కాకపోతే లోపలికొచ్చి అడుగుండ్రి బాబూ, ఊకనే పక్క దుకాణానికి ఎందుకు పోతరు?

పాత నిఘంటువు:
ఇటువంటి చర్చలో ఎప్పుడూ ఒకరు ‘కుల్ల ఉర్దూ మాట, టోపీ తెలుగు’ అంటారు, కాబట్టి ముందే చెబుతున్నాను. కుల్ల పారశీకపు ‘కులాహ్’ నుంచి వచ్చిందన్నది నిజమే. కానీ విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువు దొరక్క శ్రీనాథుడు విసుక్కున్నట్టు చెప్పుకునే చాటువు ‘కుళ్లాయుంచితి’ అనే మొదలవుతుంది. అంటే ఆ మాట తెలుగులో చేరి శతాబ్దాలయింది. మీ పట్టీలో ఉన్న చల్ల కూడా అదే పద్యంలో ఉంది, చల్లా అంబలీ తాగానని వాపోతాడు. ఇక దస్తీ ఉర్దూ, చేతిరుమాలు తెలుగు అనేవారికి: దస్త్ అంటే చెయ్యి, రుమాలులోని రూ అంటే ముఖం, రెండూ పారశీకమే. గుండీని కోస్తాలో బొత్తాం అంటారు, అది పోర్చుగీసు. ఆ బొత్తాం దూరే కాజా కూడా పోర్చుగీసే. అంగి మాత్రం కన్నడంలోనూ అంగే. పుట్టుక చూసి మాటను బోర్డు మీద నుంచి తీసేస్తే బోర్డు మీద మిగిలేది దుకాణం పేరొక్కటే.

బోర్డు ఆర్టిస్టు, హన్మకొండ:
మంచిగుంది సార్, కాని నాకు పెయింట్ చేసుడు రేపే. పద్యం బోర్డు మీద పట్టది.

పిల్లల వార్డు, వరంగల్:
మీరందరూ మాట దగ్గర ఆగిపోతున్నరు. వస్తువు దగ్గర మొదలుపెట్టాలె. కాన్పు సంచి పట్టీ నోటితో చెప్పినప్పుడు ఏం తప్పులు జరుగుతయో చూడండి. పొత్తిగుడ్డలు తెమ్మంటే కొందరు తుడిచే తువ్వాల తెస్తరు, కొందరు బొంత తెస్తరు. కావలసింది పిల్లను చుట్టే పలచని నూలుగుడ్డ, ఉతికి గంజి పోయింది. లంగోటి అంటే ముక్కోణపు గుడ్డ, రెండు కొసలకు నాడలు. అది అడిగితే కుట్టిన చెడ్డి ఇచ్చి పంపుతరు. బొడ్డు ఊడేదాకా లంగోటి బొడ్డు కింద కట్టాలె కాబట్టి చెడ్డి పనికిరాదు. కుల్లకు గదవ కింద నాడ ఉంటే నిద్రపుచ్చేటప్పుడు తీసేయాలని కూడ చెప్పాలె.

అసలు ప్రమాదం గోలీ అనే మాటతోని. మన దిక్కు గోలీ అంటే ముందు గుర్తుకొచ్చేది మందుబిళ్ల. పెట్టెలో బట్టల నడుమ వేసేది డాంబర్ గోలీ. కోస్తాలో దాన్నే కలరా ఉండ అంటరు. పేరు ఏదైనా అది నాఫ్తలీన్ అయితే సంటిపిల్లకు దూరం ఉంచాలె. జి6పిడి అనే ఎంజైము తక్కువున్న పిల్లలకు ఆ ఆవిరితోనే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతయి. ఇంట్ల అన్న పాత బట్టలు దాచి తమ్ముడికి తొడుగుడు మన దగ్గర మామూలే, పీడ కూడ అక్కన్నే ఉన్నది. ‘గోలీలు ఏసి దాసిన బట్టలు తొడగొద్దు’ అని చెబితే గోదారి వాళ్లకు ఎక్కదు, ‘కలరా ఉండలు’ అంటే ములుగు అవ్వకు ఎక్కదు. రెండూ చెప్పాలె, ఉండను చూపెట్టాలె. దుకాణం వాళ్లు కూడ స్టాకు నడుమ అవి వేయొద్దు.

గోదారి గట్టు:
ఇది ఒప్పుకుంటాను. కలరా ఉండ అన్న పేరులో కలరా ఎందుకుందో తెలీదు గానీ, ఆ పేరు చూసి అదేదో మందు అనుకునేవాళ్లూ ఉన్నారు.

సోడమర, జగిత్యాల:
బట్టలు అయిపోయినయా? ఇక డ్రింకులు. గోలీ మాట ఎత్తిండ్రు కాబట్టి అక్కడికెల్లే మొదలు. గోలిసోడ సీస 1872ల ఇంగ్లండుల హిరామ్ కాడ్ పేటెంటు తీసుకున్న డిజైను. సీస మూతి లోపల రబ్బరు వాషర్ ఉంటది, గ్యాసు ఒత్తిడికి గోలి పైకి పోయి దానికి అతుక్కుంటది. నింపేటప్పుడు సీసను తలకిందులు చేస్తరు. సోడ చప్పగ ఉన్నదంటే చాలాసార్లు తప్పు గ్యాసుది కాదు. వాషర్ గట్టిపడి ఉంటది, లేకుంటే గోలి అంచు చెక్కుపోయి ఉంటది. మెడల రెండు నొక్కులు ఉంటయి. పోసేటప్పుడు ఆ నొక్కులు కిందికి పెట్టి వంచితే గోలి అక్కడ ఆగుతది. తిప్పి పట్టుకుంటే గోలి వచ్చి మూతిని మూస్తది, కొనేటోడు సీస బాగ లేదంటడు.

ఇక పేర్లు. మన దగ్గర ఉత్త ‘సోడ’ అంటే తీపి లేనిది. అమెరికాల తీపి డ్రింకునే సోడా అంటరు, అక్కడనే మధ్య రాష్ట్రాలల్ల పాప్ అంటరు, దక్షిణాన చాలా చోట్ల ఏ డ్రింకైనా కోకే. సెలవులకు వచ్చిన పిల్లలు సోడా అడిగితే ఉత్త సోడ చేతిల పెట్టకుండ్రి, మొఖం మాడుస్తరు. మన కోక్ తమ్సప్. 1977ల కోకాకోలా దేశం ఇడిసి పోయింది, అదే ఏడు పార్లే వాళ్లు తమ్సప్ తెచ్చిండ్రు. 1993ల కోకాకోలా తిరిగొచ్చి తమ్సప్‌నే కొనుక్కున్నది. అప్పటికే ఊళ్లల్ల నల్ల డ్రింకంటే తమ్సప్ అయి కూసున్నది. అందుకే బోర్డు మీద బ్రాండు పేరు పెట్టి రాయొద్దు. ‘కూల్‌డ్రింక్స్’ అని రాసి, ఫ్రిజ్ అద్దం మీద ఏది ఎంతో చీటి అంటియ్యాలె.

నంద్యాల:
నన్నారి రాయండన్నా ఎండాకాలం. అడిగేవాళ్లు వరంగల్‌లో కూడా ఉంటారు.

గోదారి గట్టు:
దాన్నే మేం సుగంధి అంటాం. సుగంధిపాల వేరు నుంచి వచ్చేదే రెండూ. ఒకటి రాసి రెండోది చెబితే చాలు.

పాత నిఘంటువు:
ఇంకొక్కటి. మాజాలాంటివాటిని ‘జ్యూస్’ అని రాయకండి. ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లో ఫ్రూట్ డ్రింకు అంటే పండ్ల రసం కనీసం 10 శాతం ఉన్నది, నిమ్మకాయదైతే 5 శాతం. ఇది ప్రాంతాల తేడా కాదు, కొనేవాడిని తప్పుదారి పట్టించడం. బాలింతకు పండ్లరసం కావాలని వచ్చినవారి చేతికి చక్కెర నీళ్లు పోతాయి.

బోర్డు ఆర్టిస్టు, హన్మకొండ:
ఇప్పటికి ఇట్ల రాసుకున్న. బోర్డు మీద పెద్దగ: ‘సంటిపిల్లల బట్టలు, కూల్‌డ్రింక్స్’. లోపలి పట్టీల ప్రతి వరుసకు వస్తువు బొమ్మ. బొమ్మ పక్కన అంగి, దాని కింద సన్నగ జబ్లా. లాగు ఒక్కటే, కింద ఏం లేదు. కుల్ల కింద టోపీ, మొల్దారం కింద మొలతాడు. సైజు వయసుతోని రాస్తున్న.

గుండీ కాజా, బట్టలబజార్:
వయసుతోని వద్దు తమ్మీ. మూడు నెలల పిల్లలు ఇద్దరు ఒక్క తీరుగ ఉండరు. గౌన్ల మీది అంకె చాలా వరకు పొడవే. 14 అంటే భుజం కాడికెల్లి అంచు దాక 14 అంగుళాలు. అంకె రాసి కౌంటర్ మీద టేపు పెట్టుమను.

పిల్లల వార్డు, వరంగల్:
చంటిపిల్లల అని రాయండి తమ్మీ. ‘సంటి’ మాట్లాడేటప్పుడు సరే, చదివేటప్పుడు అచ్చుతప్పు లెక్క కనబడుతది.

సోడమర, జగిత్యాల:
అట్లయితే సల్లను కూడ చల్ల అని రాయాలె అక్కా. ‘చల్ల’ అని రాస్తే ఫ్రిజ్ పక్కన అది చల్లగ ఉన్న డ్రింకు అనుకుంటరు. నేనైతే సల్ల అనే రాస్త.

పాత నిఘంటువు:
చల్ల అనే రాయాలి. చ రాసినా ఇక్కడివారు స అనే చదువుతారు. పక్కన మజ్జిగ అని ఉంటే చల్లని డ్రింకనుకునే ప్రమాదమూ ఉండదు.

బోర్డు ఆర్టిస్టు, హన్మకొండ:
భాగస్తులు ఇద్దరు దీని మీద కూడ లొల్లి పెట్టుకున్నరు సార్. ఆ వరుస ఒక్కటి ఖాళీ ఇడిసి మిగిలినయి రాస్తున్న.