పెళ్ళికి ముందు చెల్లికి బీఆర్‌సీఏ టెస్టు చేయించాలా, వద్దా?

వేపచెట్టు: అమ్మకి 48 ఏళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సర్జరీ, కీమో అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉంది. జీన్ టెస్టులో బీఆర్‌సీఏ2 పాజిటివ్, అంటే రొమ్ము, అండాశయం క్యాన్సర్ల రిస్క్ పెంచే జీన్ మార్పు ఉందన్నమాట. అమ్మమ్మ కడుపులో నీరు చేరి పోయింది, అప్పట్లో గ్యాస్ అనుకుని ఆరు నెలలు వాము నీళ్ళు పట్టారు, అది అండాశయం క్యాన్సరే అయ్యుంటుందని డాక్టర్ గారు ఇప్పుడంటున్నారు. సమస్యేంటంటే, 24 ఏళ్ళ చెల్లిని మావయ్య కొడుక్కే ఇద్దామని పెద్దవాళ్ళ మాట. టెస్టు చేయిద్దామని నేను, వద్దని అమ్మ. రిపోర్టు ఫైలు బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసి, మావయ్యకి కూడా చెప్పొద్దంటోంది.

పప్పుచారు: అమ్మ మాటే కరెక్టు బ్రదర్. పాజిటివ్ వస్తే ఏం చేస్తావ్, ఆ వయసు పిల్లకి ఆపరేషన్ చేయిస్తావా? 2013లో ఏంజెలీనా జోలీ రెండు రొమ్ములూ తీయించుకున్నానని పేపర్లో రాసిందంటే ఆవిడ లోకం వేరు. మనూళ్ళో ఒక్కరికి తెలిస్తే చాలు, ఇక సంబంధాలు రావు. రాబోయేది ఎలాగూ ఆగదు.

నైట్‌డ్యూటీ: ఆగదు అంటే ఒప్పుకోను. పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. బీఆర్‌సీఏ2 ఉన్న ఆడవాళ్ళలో నూటికి 60 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది, రానివాళ్ళూ ఉంటారు. వెంటనే కత్తి పట్టుకోరు, 25 నుంచి ఏటా రొమ్ములకి ఎంఆర్ఐ స్కాన్, పిల్లలు పుట్టి 40 దాటాక అండాశయాలు తీయించుకోవాలా అన్న ఆలోచన. అమ్మలో ఏ మార్పు ఉందో తెలుసు కాబట్టి చెల్లికి ఆ ఒక్కటి చూస్తే చాలు, ఉండే అవకాశం సగానికి సగం, లేదని వస్తే అందరు ఆడవాళ్ళకున్నంత రిస్కే.

నాకు అసలు భయమేసింది మేనరికం దగ్గర. అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చిందంటే మావయ్యకీ వచ్చి ఉండొచ్చు, ఆయన నుంచి బావకీ. చెల్లిలోనూ బావలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు అవకాశం ఫాంకోనీ ఎనీమియాకి. పసితనంలోనే లుకేమియా అనే రక్త క్యాన్సర్, మెదడులో గడ్డలు తెచ్చే జబ్బు అది. పైగా బీఆర్‌సీఏ2 ఉన్న మగవాళ్ళకి ప్రొస్టేట్ క్యాన్సర్ రిస్క్ ఎక్కువ. మావయ్య దగ్గర దాచడం న్యాయమా?

పప్పుచారు: మేనరికం సంగతి నాకు తట్టలేదు, నిజమే. కానీ మావయ్యకి చెప్పడం వేరు, ఆ పిల్ల చేత బలవంతంగా చేయించడం వేరు.

కరివేపాకు: ఇంతసేపూ చెల్లిని ఎవరైనా అడిగారా? తెలుసుకోవాలో వద్దో ఆమె ఇష్టం. నాకు ఈ జీన్ మార్పు నాన్న వైపు నుంచి వచ్చింది. నాన్నకి ఏ జబ్బూ లేదు, మేనత్తలిద్దరికీ క్యాన్సర్, అయినా నాన్న వైపు సంగతి ఏ డాక్టరూ అడగలేదు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర గంటసేపు కూర్చుని, అన్నీ తెలుసుకునే రక్తం ఇచ్చా, అయినా రిజల్ట్ వచ్చిన రోజు స్కూటీ నడపలేక ఆటోలో ఇంటికొచ్చా. అందుకే చెప్తున్నా, అది ఇంకొకరు చెప్తే చేయించుకునే టెస్టు కాదు. ఇంకోటి వేపచెట్టు గారూ, మీరూ ఆ అమ్మ కొడుకేగా. మీ టెస్టు ఎప్పుడు?

వేపచెట్టు: నాకు నాలుగేళ్ళ కూతురుంది, ఈ లెక్కలో నేనూ ఉన్నానని మీరు అడిగేదాకా తట్టనే లేదు. చెల్లిని అడిగా. "ముందు నువ్వు చేయించుకో, నా సంగతి తర్వాత. మావయ్యకి మాత్రం నేనే చెప్తా" అంది. అమ్మ ఇంకా నాతో మాట్లాడట్లేదు. పొద్దున చూస్తే ఫైలు డైనింగ్ టేబుల్ మీద ఉంది.