మందకు కంగల్ కుక్క స్వభావం సరిపోతుందా?

ప్రశ్న: రైతు, భాకరాపేట

శేషాచలం అడవి అంచున మాకు గొర్రెలూ మేకలూ కలిసిన మంద ఉంది. రాత్రి చిరుత భయం, పగలు ఊరకుక్కల బెడద. టర్కీలోని సివాస్ ప్రాంతపు కంగల్ కుక్క మందను విడవకుండా కాపు కాస్తుందని చదివి, ఒక పిల్లను తెప్పించాలనుకుంటున్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కనుక, దాని స్వభావం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పశువైద్య విద్యార్థి, తిరుపతి

నమస్కారమండి. కంగల్ మందను తోలే కుక్క కాదు. మందను తోలే జాతి కుక్క బోర్డర్ కోలీ గొర్రెలను చూపుతోనే బెదిరించి మళ్లిస్తుంది. కంగల్ వాటి మధ్యనే పడుకుని, వాటినే తన గుంపుగా ఎంచుకుంటుంది. కొత్త వాసన తగిలితే లేచి, మందకూ వచ్చినదానికీ నడుమ నిలబడి, తోక పైకెత్తి మొరుగుతుంది. అప్పటికీ వెనక్కు తగ్గకపోతేనే మీద పడుతుంది. నమీబియాలో చీతాల సంరక్షణ సంస్థ ఒకటి 1994 నుంచి ఈ కోవ కుక్కలను రైతులకు ఇస్తున్నది. చీతా పోట్లాటకు దిగకుండా తప్పుకునే జంతువు కనుక అక్కడ అది ఫలించింది. చిరుత అలా కాదు, కుక్కలనే వేటాడుతుంది. ఒక్క కుక్కను నమ్మి మందను బయట ఉంచకండి. రాత్రికి పైకప్పున్న దొడ్డి తప్పనిసరి. తోడేలు గొంతు పట్టకుండా టర్కీ కాపరులు కుక్క మెడకు కట్టే ఇనుప ముళ్ల పట్టీ ఇక్కడా అవసరమే.

జవాబు: కాపరి, పలమనేరు

మాది తరతరాలుగా జీవాలు మేపే ఇల్లు. నా మాట ఒకటే: కాపలా గుణం జాతితో సగమే వస్తుంది, మిగతాది పెంపకంతో వస్తుంది. ఎనిమిది వారాల వయసు నుంచి పదహారు వారాల దాకా కుక్కపిల్ల గొర్రెపిల్లల పక్కనే తిని పడుకోవాలి. ఆ వయసులో ఇంటి పిల్లలతో ఆటలు మరిగితే, అది గడపను కాస్తుంది గాని మందను కాయదు. ఏడాది వయసులో ఆటకని గొర్రెపిల్లల చెవులు కొరుకుతుంది, తోక పట్టి లాగుతుంది. అప్పుడే గట్టిగా అదిలించాలి, రెండేళ్లు నిండే దాకా మందతో ఒంటరిగా వదలకూడదు. పిలిచిన వెంటనే వచ్చే రకం కూడా కాదు, దాని నిర్ణయం దానిదే. మీ పిల్లలతో నెమ్మదిగానే ఉండవచ్చు. తెల్లవారుజామున పాలక్యానుతో కయ్య గట్టున వచ్చే పొరుగువారిని మాత్రం చూసి ఊరుకోదు.

జవాబు: చంద్రగిరి నుంచి

కాపరిగారి మాటే సరైనదని నా అభిప్రాయం. అమెరికాలో నవాహో తెగవారు జాతి పేరు చూడకుండా, సంకర కుక్కపిల్లలనే గొర్రెల దొడ్డిలో పెంచి కాపలాకు పెట్టుకుంటారు. అరవై కిలోల దాకా తూగే, దట్టమైన బొచ్చున్న కుక్కకు మన ఎండల్లో నీడా నీళ్లూ చూడటమే ఒక పని. నెమ్మదైన పల్లెకుక్కకు పుట్టిన రెండు పిల్లలను తెచ్చి, రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయించి, త్వరలో ఈనబోయే గొర్రెల దగ్గర ఉంచండి.