శాన్ హోసే: ఇంటి ముందు సైడ్‌వాక్ రిపేరు నోటీసు, ఏం చేయాలి?

బెర్రియెస్సా నుంచి:
అందరికీ నమస్తే. ఈమధ్యే ఇక్కడ శాన్ హోసేలోని బెర్రియెస్సాలో ఇల్లు కొన్నాం. ఇంటి ముందు సైడ్‌వాక్ (నడిచే బాట) బాగు చేయించమని సిటీ నుంచి నోటీసు వచ్చింది. ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం కదా, సిటీ స్థలానికి మళ్లీ మేమెందుకు పెట్టుకోవాలి? న్యూజెర్సీలో ఉండే మా బావగారు పట్టించుకోవద్దంటున్నారు.

ఎవర్‌గ్రీన్ నుంచి:
నోటీసు పక్కన పడేయకండి. స్థలం సిటీదే అయినా, కాలిఫోర్నియా స్ట్రీట్స్ అండ్ హైవేస్ కోడ్ సెక్షన్ 5610 ప్రకారం దాన్ని ప్రమాదం లేకుండా ఉంచాల్సింది ఇంటి ఓనరే. సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే గడ్డి పట్టీ కూడా అందులోకే వస్తుంది. నోటీసు అందాక రెండు వారాల్లో పని మొదలుపెట్టకపోతే సిటీయే చేయించి, ఆ ఖర్చు ఇంటి మీద లియన్‌గా, అంటే ఇంటికి కట్టిపడేసిన బాకీగా వేయొచ్చు.

శాన్ హోసేలో ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఎవరైనా తట్టుకుని పడి దెబ్బ తగిలితే, ఆ బాధ్యత కూడా ఇక్కడి ఆర్డినెన్స్ (సిటీ చేసుకున్న చట్టం) ఓనరు మీదే పెట్టింది. అది చెల్లుతుందని 2004లో అప్పీల్ కోర్టు చెప్పింది. న్యూజెర్సీలో వేరు: 1981లో అక్కడి సుప్రీంకోర్టు ఈ భారం కమర్షియల్ ఆస్తుల మీద పెట్టింది, మామూలు ఇళ్ల మీద కాదు. బావగారి మాట అక్కడికి సరిపోతుందేమో గానీ ఇక్కడ నమ్ముకోవద్దు.

ఒకసారి బయటికెళ్లి సైడ్‌వాక్‌లో రెండు కాంక్రీట్ పలకలు కలిసే చోట చూడండి. చెట్టు వేళ్లు ఒక పలకని ఎత్తితే అంచు మెట్టులా లేస్తుంది. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే మన అమ్మానాన్నల కాలి బొటనవేలు తగిలేది సరిగ్గా అక్కడే. ఊరి నుంచి ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన పెద్దవాళ్లు తుంటి విరిగి మంచాన పడితే వాళ్ల బాధ, ఆ ఇంటివాళ్ల టెన్షన్ మాటల్లో చెప్పలేం. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ముందు నోటీసులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఏ పలకలు మార్చాలో, ఎక్కడ గ్రైండింగ్‌తో (లేచిన అంచుని అరగదీయడంతో) సరిపోతుందో అడగండి. రెండిటికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది. పర్మిట్ తీసుకున్నాకే పని మొదలెట్టించండి. వేళ్లు మాత్రం మీరే నరికేయకండి. వీధి చెట్టుకి సిటీ అనుమతి కావాలి, పైగా పట్టు తప్పిన చెట్టు గాలివానకి ఇంటి మీదే పడొచ్చు.

బెర్రియెస్సా నుంచి:
చాలా థాంక్సండీ. కాంట్రాక్టర్‌ని ఎలా చూసుకోవాలి? ఒకాయన సగం డబ్బు ముందే ఇమ్మంటున్నాడు.

ఫ్రీమాంట్ నుంచి:
ఇవ్వకండి. ఇంటి పనులకి అడ్వాన్స్ 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదని ఈ రాష్ట్ర చట్టం. కాంక్రీట్ పనికి సీ-8 లైసెన్స్ ఉంటుంది. స్టేట్ లైసెన్స్ బోర్డు సైట్‌లో ఆయన నంబరు కొడితే అది అమల్లో ఉందో లేదో కనిపిస్తుంది. మూడు కొటేషన్లు తీసుకోండి. పక్కింటివాళ్లకీ నోటీసు వచ్చిందేమో కనుక్కోండి, ఇద్దరూ కలిసి ఒకేసారి చేయిస్తే రేటు తగ్గించమని అడగొచ్చు.

ఎవర్‌గ్రీన్ నుంచి:
ఇన్సూరెన్స్ ఏజెంట్‌తోనూ మాట్లాడండి. పాత కాంక్రీట్ మార్చే ఖర్చు మామూలుగా వాళ్లివ్వరు. సైడ్‌వాక్ మీద ఎవరైనా పడితే లయబిలిటీ కవరేజ్ (వాళ్లకి మీరివ్వాల్సిన పరిహారం ఇన్సూరెన్స్ భరించడం) వర్తిస్తుందా, ఎంతవరకు అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.