ఒపేరా కండక్టర్ కావాలంటే పియానో తప్పదా?

ప్రశ్న: వయొలిన్ బాగానే వచ్చు, పియానో అంతంత మాత్రం. జర్మనీలో కండక్టింగ్ చదివి ఒపేరా వైపు వెళ్లాలని ఉంది. నెట్టుకురావచ్చా?

జవాబు 1: సింఫనీ వైపైతే కొంత వీలుంది. జుబిన్ మెహతా వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదివి, 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచి పైకొచ్చారు. ఒపేరా హౌస్‌లో మాత్రం మామూలుగా మొదటి మెట్టు రెపెటిటర్ (గాయకులకు పియానోతో సాధన చేయించే వ్యక్తి) ఉద్యోగం. ఆర్కెస్ట్రా మొత్తాన్ని పియానో మీద వినిపించాలి, రిహార్సల్‌కు రాని గాయకుడి లైనూ మీరే పాడాలి. కపెల్‌మైస్టర్ (ఒపేరా హౌస్ కండక్టర్) పదవి ఆ తర్వాతి మాట.

జవాబు 2: తెర వెనక కోరస్‌కు బీట్ ఇచ్చే పని కూడా తరచూ రెపెటిటర్ నెత్తినే పడుతుంది. కొత్తవాళ్లు ఆర్కెస్ట్రాను చెవితో అనుసరిస్తారు, అక్కడే దెబ్బతింటారు. శబ్దం 34 మీటర్లు దాటడానికి సెకనులో పదోవంతు పడుతుంది. విని బీట్ ఇస్తే, పాట తిరిగి పిట్ (వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే పల్లపు చోటు) చేరేసరికి ఆలస్యం రెట్టింపు! మానిటర్‌లో కండక్టర్ చెయ్యి చూస్తూ రవ్వంత ముందే ఇవ్వాలి.

జవాబు 3: ఆర్కెస్ట్రాతో వచ్చే రెసిటటివ్ (మాట్లాడినట్టు పాడే భాగం) ఇప్పుడే సాధన చెయ్యండి. ఖాళీ బీట్లు చిన్నగా దాటించి, ఆర్కెస్ట్రా కార్డ్ (కలిపి మోగే స్వరాలు) పడేముందు మాత్రం స్పష్టమైన సన్నాహక బీట్ ఇవ్వాలి. అన్నీ ఒకే సైజులో ఊపితే ఎవరో ఒకరు తొందరపడి వాయించేస్తారు.