పాప జబ్బు సంగతి చెల్లి పెళ్లికి ముందే చెప్పాలా?

బాపట్ల అమ్మ:
మాది మేనరికం. మా ఆయన మా మేనత్త కొడుకు. పాపకు పద్నాలుగు నెలలు. పుట్టిన రోజే చేతికున్న ప్లాస్టర్ తీస్తే చర్మం కూడా ఊడొచ్చింది. ఇన్నాళ్లూ దిష్టి అన్నారు, వేడి చేసిందన్నారు. పోయిన నెల జన్యు పరీక్షలో ఎపిడెర్మోలైసిస్ బులోసా అని తేలింది, అందులో డిస్ట్రోఫిక్ రకం. పై చర్మాన్ని లోపలి చర్మానికి పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ పాపకు సరిగ్గా తయారవదట. బట్టల కుట్లు ఒరుసుకుంటే బొబ్బలే. అందుకని గౌను తిరగేసి తొడుగుతున్నాను.

మాఘంలో మా చెల్లిని మా మరిదికి చేసుకోవాలని పెద్దలు అనుకున్నారు. తోడికోడలుగా వస్తుందని మురిసిపోయినదాన్ని నేనే. ఇప్పుడు చెప్పేయాలని నాకుంది. "నోరెత్తితే పెళ్లి ఆగుతుంది, పాపకు ముద్ర పడుతుంది" అంటుంది మా అత్త. మీరైతే ఏం చేస్తారు?

గోదావరి పెద్దాయన:
వద్దమ్మా. మా ఇంట్లో మూడు తరాల మేనరికాలు, అందరూ నిక్షేపంగా ఉన్నారు. బయటి సంబంధాల్లోనూ ఇలాంటి పిల్లలు పుడుతున్నారు కదా. పైగా అమెరికాలో మందు వచ్చిందట.

డల్లాస్ నర్సు:
వచ్చింది, 2023 మేలో. వైజువెక్ అనే జెల్. పుండు మీద వారానికోసారి రాస్తారు, మానుతుంది. కొత్త బొబ్బ రాకుండా మాత్రం ఆపదు. దాన్ని నమ్ముకుని పెళ్లి చేయకండి.

హైదరాబాద్, జన్యు సలహా:
పెద్దాయన గారూ, మేనరికాల్లో ఎక్కువ మందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, నిజమే. కానీ ఇక్కడ జన్యువు దొరికింది. అమ్మకూ నాన్నకూ ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడ్డది, వాళ్లకేమీ కాదు; పాపకు రెండూ చెడ్డవే వచ్చాయి. ఆ చెడ్డ ప్రతి చెల్లికి ఉండే అవకాశం సగం, మరిదికి సగం. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొత్తం పదహారింట ఒకటి.

అత్తగారికి చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా ఈ జబ్బు భయం లేదు. అలా తేలే అవకాశం నాలుగింట మూడు వంతులు! పాప రిపోర్టులో లోపం ఎక్కడుందో రాసి ఉంటుంది, వాళ్ల రక్తంలో అదొక్కటి వెతికితే చాలు. ఇద్దరికీ ఉన్నా, గర్భం 11-13 వారాలప్పుడు పరీక్షకు వీలుంది. అది పెళ్లికి ముందు తెలియాలా, బిడ్డ పుట్టాక తెలియాలా? మీరు ఒప్పుకోకుండా మామూలుగా డాక్టరు వాళ్లకు చెప్పడు. చెప్పాల్సింది మీరే.

నంద్యాల వాసి:
నేను మా బాబు సంగతి అందరికీ చెప్పాను. అంటుకుంటుందని మా వదిన వాణ్ని ఎత్తుకోవడం మానేసింది. మీ అత్తగారి భయం ఉత్తది కాదు. ఊరికి చెప్పొద్దు, ఆ ఇద్దరికే చెప్పండి. అంటుజబ్బు కాదన్న మాట మొదట చెప్పండి.

బాపట్ల అమ్మ:
నిన్న చెల్లిని పిలిచి, పాపకు కట్లు మార్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నాను. శుభ్రమైన సూదితో బొబ్బ గుచ్చి, నీరు తీసి, పై తోలు కదలకుండా వదలాలి. గంటన్నర పట్టింది. చెల్లి పాప తల పట్టుకుని కదల్లేదు. అయ్యాక రిపోర్టు చేతికిచ్చాను. "చిన్నబావతో నేనే మాట్లాడతాను అక్కా" అంది. సోమవారం ఇద్దరూ రక్తం ఇస్తున్నారు. అత్తకు ఇంకా చెప్పలేదు.