మనాలి–లేహ్ సైకిల్ మీద: వెనక కారియరా, ఫ్రేమ్ సంచులా?

వికారాబాద్_పెడల్:
అన్నలూ, ఆగస్టుల మనాలి నుంచి లేహ్ పోతున్నం, ముగ్గురం. 10 రోజులు అనుకున్నం. నాది హార్డ్‌టెయిల్, 29 అంగుళాల చక్రాలు, ముందు మాత్రమే సస్పెన్షన్. ఫ్రేమ్‌కు కారియర్ బిగించే రంధ్రాల్లేవు. నేను పొట్టోన్ని, ఫ్రేమ్ చిన్న సైజు. సామాను ఎట్ల మోయాలె? ఇంట్ల 40 లీటర్ల వీపు సంచి ఉన్నది. అదేసుకొని అనంతగిరి గుట్ట ఎక్కితే నడుము పట్టేసింది.

చైన్‌నూనె:
వీపు మీద నీళ్ళు తప్ప ఏమీ వద్దు.

గేరుమామ:
బాబూ, కారియర్ పెట్టు. రెండు పక్కలా రెండు సంచులు. బరువు కిందికి ఉంటుంది, నిలబడి తొక్కినా సైకిల్ ఊగదు. మా అనంతగిరి ఘాట్ మీద (మీది కాదు, అరకు దారిలోది) రెండు రకాలూ కట్టి చూశాకే చెప్తున్నాను. రంధ్రాలు లేకపోతే ఏం? రంధ్రాలున్న సీట్ కాలర్ (సీటు కడ్డీని ఫ్రేమ్‌కి బిగించే రింగు) దొరుకుతుంది, పైన దానికి బిగించు. కింద వెనక చక్రం యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, తగిలించే రకం తీసుకో. సీట్‌పోస్ట్‌కి మాత్రమే పట్టుకుని వేలాడేది కొనకు. 10 కిలోలు పడితే చాలు, గుంతలో పక్కకి తిరిగిపోతుంది. రోజూ పొద్దున్న బోల్టులు చూసుకో. విడి బోల్టులు నాలుగు జేబులో వేసుకో.

తేలికసంచి:
మామా, మళ్ళీ మొదలెట్టావా. కారియర్ ఉంటే దాన్ని నింపాలనిపిస్తుంది, అసలు జబ్బు అదే. తమ్ముడూ, ఫ్రేమ్ మధ్యలో ఒక సంచి, హ్యాండిల్‌కి చుట్టలా కట్టే సంచి ఒకటి, సీటు వెనక ఒకటి. మొత్తం 9 కిలోలు దాటకూడదు. జులై, ఆగస్టుల్లో జిస్పా, జింగ్‌జింగ్‌బార్, సర్చు, పాంగ్ అన్నిచోట్లా డేరా ధాబాలు ఉంటాయి. రజాయి ఇస్తారు, రాజ్మా అన్నం పెడతారు. టెంటెందుకు, స్టవ్వెందుకు? డౌన్ జాకెట్, వాన కోటు, రెండు జతల గ్లౌజులు, విడి ట్యూబులు. అయిపోయింది.

గేరుమామ:
పిల్లాడు పొట్టివాణ్ణని చెప్పాడు, చదివావా? చిన్న ఫ్రేము, 29 చక్రం. సీటు వెనక సంచి టైరుకి రాసుకుంటుంది. రెండు రోజుల్లో చిరుగుతుంది.

తేలికసంచి:
చిన్న సంచి కట్టుకుంటాడు. ఆరు లీటర్లది.

గేరుమామ:
ఆరు లీటర్లలో డౌన్ జాకెట్ పెట్టి చూపించు.

అనకాపల్లి_బెల్లం:
ఒక వ్యాన్ మాట్లాడుకోండి, సంచుల గొడవే ఉండదు.

వికారాబాద్_పెడల్:
వ్యాన్‌కు పైసల్లేవన్నా. మా దోస్తు స్టవ్ తెస్తా అంటున్నడు. గ్యాస్ డబ్బా విమానంల పోనిస్తరా?

చైన్‌నూనె:
పోనివ్వరు. మనాలిలో కొనుక్కోండి. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే పెట్టాలి.

తేలికసంచి:
స్టవ్ వద్దు తమ్ముడూ. స్టవ్ ఉంటే కుక్కర్ వస్తుంది. కుక్కర్ వస్తే ఏమవుతుందో మామని అడుగు.

గేరుమామ:
అడగనక్కర్లేదు, చెప్తాను. సర్చు ఎత్తు 4,290 మీటర్లు. అక్కడ నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతపెట్టిన గిన్నెలో కందిపప్పు రాత్రంతా ఉంచినా పలుకు పలుకే. కుక్కర్ తీసుకెళ్ళింది షోకుకి కాదు.

తేలికసంచి:
ధాబా వాడికి కుక్కర్ లేదా? మూడు లీటర్ల కుక్కర్, పెట్రోల్ స్టవ్వు, ఉప్మా రవ్వ, ఆవకాయ సీసా. సీసా! గాజుది! మొత్తం 22 కిలోలు. తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కి.మీ. అని బోర్డు చూసి ఇంకో లీటరు పట్టించాడు.

గేరుమామ:
ఆ ఆవకాయ తిన్నది ఎవరు?

చైన్‌నూనె:
ఓహో, ఇద్దరూ కలిసే వెళ్ళారా.

తేలికసంచి:
2022లో. ఒక్కసారే.

గేరుమామ:
అవును, ఒక్కసారే. గాటా లూప్స్‌లో 21 మలుపులుంటాయి. సగం కూడా ఎక్కకముందే తమరి డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగింది. చైన్ విప్పే పనిముట్టు ఎవరి సంచిలోంచి వచ్చింది? పాంగ్‌లో లారీలు ఆగిపోయి ధాబాలన్నీ నిండిన రాత్రి ఎవరి టెంట్‌లో పడుకున్నావు? నువ్వు 9 కిలోలతో తిరిగావంటే నీ మిగతా బరువు నేను మోశాను కాబట్టి. లేహ్ వెళ్ళాక ఫొటో కింద ఏం రాసుకున్నావు? ‘తక్కువ సామానుతో, ఎవరి సాయం లేకుండా’. ఆ ముక్క ఈరోజుకీ గుచ్చుకుంటోంది.

తేలికసంచి:
గేరుమామ గారూ, పనిముట్టు మీదే, ఒప్పుకుంటాను. మరి వాగు సంగతి? మంచు కరిగి మధ్యాహ్నానికి వాగుల్లో నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్నే దాటెయ్యాలి. మీరు ఉప్మా వండి, గిన్నెలు తోమి, 22 కిలోలు మళ్ళీ కట్టేసరికి తొమ్మిదిన్నర. రోజూ. బారలాచా కనుమ ముందు వాగు దగ్గరికి ఒంటిగంటకి చేరాం. మోకాలు దాటిన నీళ్ళలో సైకిల్ భుజాన వేసుకుని దాటాను. ఆ చలికి కాళ్ళకి స్పర్శ వచ్చేసరికి సాయంత్రమైంది. తంగ్లాంగ్ లా కనుమ మీద, 5,328 మీటర్ల దగ్గర, మీకోసం రెండు గంటలు గాలిలో కూర్చున్నాను. అప్పుడు ఒక్క మాట అన్నానా?

గేరుమామ:
అనాల్సింది. దార్చాలోనే అనాల్సింది. పనిముట్లు సగం నాకివ్వు మామా అని కూడా అనాల్సింది.

తేలికసంచి:
అడిగాను. జిస్పాలో. ‘నీ సంచిలో పట్టవులే’ అని నవ్వావు.

గేరుమామ:
...నవ్వి ఉంటాను.

వికారాబాద్_పెడల్:
అన్నా, గీ లొల్లి మా గ్రూపుల గూడ షురువైంది. ముగ్గురికి కలిపి ఒకటే పంపు, ఒకటే టెంటు. ఎవ్వడు మోస్తడో ఇంకా తెల్వది, ఎవ్వడూ అడుగుతలేడు.

తేలికసంచి:
మనాలిలో ఎవరి కారియర్ చూసి వాళ్ళు నింపుకోకండి. సామానంతా ఒకచోట పరిచి తూకం వెయ్యండి. కూరగాయల కొట్లో కాటా దొరుకుతుంది. టెంటు ఒకడు, పనిముట్లు ఒకడు, మందులూ పంపూ ఒకడు. చిన్న ఫ్రేమ్ కాబట్టి నీకు యాక్సిల్ కారియరే నయం. (మామ కోసం చెప్పట్లేదు.)

గేరుమామ:
టెంటు విప్పి పంచుకోండి, ఒకడు గుడ్డ, ఒకడు కడ్డీలు. హ్యాంగర్ ప్రతి మోడల్‌కీ వేరు, నీ సైకిల్ వెనక భాగం ఫొటో పెట్టు, చూసి చెప్తాను. దారిలో ఎక్కడా దొరకదు. ఇక్కడే రెండు కొనుక్కో.

అనకాపల్లి_బెల్లం:
కుక్కర్ ఏమైంది?

గేరుమామ:
పాంగ్ ధాబా అమ్మకి ఇచ్చేశాను. లేదంటే రెండు గంటలు కాదు, నాలుగు గంటలు కూర్చునేవాడు.