ప్యాకేజీ ఫైళ్లను టూల్ కోడ్ నుంచి వేరే రిపోజిటరీలోకి మార్చాలా?

నల్లగొండ_ల్యాబ్:
అందరికీ నమస్తే. నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను. కంపైలర్లు, డేటాబేస్‌లు, తెలుగు ఫాంట్లు ఒకే కమాండ్‌తో ఎక్కేలా పైథాన్‌లో చిన్న ప్యాకేజీ మేనేజర్ రాసుకున్నాం. టూల్ కోడ్, ప్యాకేజీ ఫైళ్లు (ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడి నుంచి తెచ్చి ఎలా ఎక్కించాలో రాసినవి) ఒకే గిట్ రిపోలో, అంటే ఒకే కోడ్ రిపోజిటరీలో ఉన్నాయి. ఇప్పుడు మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లూ వాడుతున్నారు, పిల్లలు కొత్త ఫైళ్లు పంపుతున్నారు, చాలా సంతోషం. కానీ ఒక ప్యాకేజీ వెర్షన్ నంబరు, చెక్‌సమ్ (డౌన్‌లోడైన ఫైలు సరైనదో కాదో చూసే నంబరు) మారినా టూల్ టెస్టులన్నీ నడవాల్సిందే. కొత్త పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోసం పుల్ చేస్తే (రిపో నుంచి తాజా మార్పులు తెచ్చుకుంటే) టూల్ కూడా మారిపోతోంది. ప్రాక్టికల్స్ ముందు ఇదే నా టెన్షన్. విడగొడితే మంచిదా?

సూర్యాపేట_దేవ్:
అన్నా, తొందరపడకండి. గ్నూ గిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ వాళ్లు ఇప్పటికీ టూల్‌నూ ప్యాకేజీలనూ ఒకే రిపోలో ఉంచారు. కోర్‌లో, అంటే టూల్ అసలు కోడ్‌లో, ఒక ఫంక్షన్ పేరు మారిస్తే, దాన్ని వాడే ప్యాకేజీలన్నిటినీ అదే కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి నమోదయ్యే మార్పులో) సరిచేయొచ్చు. టెస్టుల సంగతైతే, ఏ ఫోల్డర్ మారిందో చూసి నడిపేలా సీఐలో (మార్పు రాగానే టెస్టులు తనంతట తానే నడిపే ఏర్పాటులో) పెట్టుకోండి, సరిపోతుంది.

పాలమూరు_లైనక్స్:
టెస్టుల వరకు తమ్ముడు చెప్పింది నిజమే. కానీ సార్ అసలు బాధ అది కాదు, ప్యాకేజీ కావాలంటే టూల్ కూడా మారడం. దానికి విడగొట్టడమే దారి. హోంబ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ 2016లో విడిపోయింది: టూల్ ఒక రిపో, ఫార్ములాలు (వాళ్ల ప్యాకేజీ ఫైళ్లు) ఇంకో రిపో. మీలాగే పైథాన్‌లో ఉన్న స్పాక్ అనే ప్యాకేజీ మేనేజర్, 2025లో 1.0 వెర్షన్‌తో ప్యాకేజీలను వేరు చేసింది.

సార్, స్పాక్ వాళ్ల పద్ధతి తప్పకుండా చూడండి. ప్యాకేజీ ఫైళ్లు కోర్‌లో ఎక్కడపడితే అక్కడి నుంచి ఇంపోర్ట్ చేసుకోకుండా, ఒకే మాడ్యూల్ నుంచి తీసుకోవాలి. ఆ మాడ్యూల్‌లో ఉన్నదే ఏపీఐ, అంటే టూల్ నుంచి ప్యాకేజీలు వాడుకోదగ్గది. దానికో వెర్షన్ ఉంటుంది, ప్యాకేజీల రిపోలో ఆ నంబరు రాసి ఉంటుంది. తనకు తెలియని నంబరు కనిపిస్తే టూల్ అక్కడే ఆగి చెప్పాలి, సగం ఇన్‌స్టాల్ చేసి పడిపోకూడదు. పొలం పంచుకునే ముందు గెట్టు తేల్చుకున్నట్టు, ఈ పని ఒకే రిపోలో ఉండగానే పూర్తి చేయండి. ముందు గ్రెప్ కొట్టి (కోడంతా వెతికి), కోర్ లోపలి మాడ్యూళ్లను నేరుగా ముట్టుకుంటున్న ప్యాకేజీలు ఏవో పట్టుకోండి. శ్రమంతా అక్కడే ఉంది.

నల్లగొండ_ల్యాబ్:
గ్రెప్ కొట్టాను అన్నా. డేటాబేస్ ప్యాకేజీలన్నీ మా డౌన్‌లోడ్ కోడ్‌ను నేరుగా పిలుస్తున్నాయి. ముందు అవి సరిచేస్తాను. ఇంకొకటి, పిల్లల పేర్లతో ఉన్న కమిట్లు పోవద్దు. వాళ్ల మొదటి కోడ్ అది.

పాలమూరు_లైనక్స్:
పోవు సార్. కొత్తగా క్లోన్ చేసి, అందులో గిట్ ఫిల్టర్-రెపో అనే ప్రోగ్రాంకు ప్యాకేజీల ఫోల్డర్ పాత్ ఇవ్వండి. ఆ ఫోల్డర్ చరిత్ర మాత్రమే మిగులుతుంది, పేర్లూ తేదీలూ అలాగే ఉంటాయి. కమిట్ల హ్యాష్‌లు (గుర్తింపు నంబర్లు) మాత్రం మారతాయి. పాత రిపోను తీసేయకండి, పాత లింకులు పనిచేయాలి కదా.

ప్రాక్టికల్స్ సమయంలో టూల్‌ను ఒక ట్యాగ్ (పేరు పెట్టిన వెర్షన్) దగ్గర, ప్యాకేజీల రిపోను ఒక కమిట్ దగ్గర ఆపేయండి. రెండూ దేనికది ఆపుకోవచ్చు.

సూర్యాపేట_దేవ్:
అలాగైతే ఒప్పుకుంటాను. టూల్ టెస్టులకు అసలు ప్యాకేజీలను వాడకండి అన్నా. నాలుగైదు ఉత్తుత్తి ప్యాకేజీలు రాసి టూల్ రిపోలోనే పెట్టండి. ఆ ఫైళ్లు నేను రాసి పంపుతాను.